ట్యాంకు ఐఆర్ గురి: కరెంటు పెంచడం మేలా, కిరణం సన్నం చేయడం మేలా?

1/16 స్కేలు రేడియో ట్యాంకుల పోరులో గుండు పేలదు, కంటికి కనిపించని వెలుగు పేలుతుంది. ఫిరంగి గొట్టంలోని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్‌ఈడీ సెకనుకు 38 వేల సార్లు మిణుకుతూ ఒక కోడ్ పంపుతుంది. ఎదుటి ట్యాంకు నెత్తిమీది రిసీవర్ దాన్ని చదివి దెబ్బ లెక్కేసుకుంటుంది. జపాన్ మోడళ్ల కంపెనీ టామియా పద్ధతిలో తేలిక ట్యాంకు 3 దెబ్బలకు, మధ్యరకం 6కు, భారీది 9కి పడిపోతుంది. మళ్లీ పేల్చాలంటే వరసగా 3, 5, 9 సెకన్లు ఆగాలి. అంటే భారీ రకమైన టైగర్ ట్యాంకు నడిపేవారికి ఒక్క గురి తప్పితే 9 సెకన్లు పోయినట్టే.

అందుకే బండి కొన్న కొద్ది రోజులకే చాలామంది ఎల్‌ఈడీకి కరెంటు పెంచడం మొదలుపెడతారు. అది తొందరపాటు. దెబ్బ అందకపోతే ముందు రిసీవర్ చూడాలి, ఆ తర్వాత కిరణాన్ని సన్నం చేయాలి. కరెంటు జోలికి చివర్లో పోవాలి.

రిసీవర్ సంగతి ముందు చెప్పుకోవడానికి కారణం ఎండ. ఎండలో ఐఆర్ దండిగా ఉంటుంది. అది నేరుగా పడితే రిసీవర్ తన సున్నితత్వం తగ్గించుకుంటుంది, అసలు కోడ్ అందులో మునిగిపోతుంది. రిసీవర్ పైన చిన్న నల్ల ప్లాస్టిక్ చూరు అంటిస్తే ఎల్‌ఈడీని ముట్టుకోకుండానే తేడా తెలుస్తుంది. ఎవరూ పేల్చకుండానే దెబ్బలు నమోదవుతుంటే మోటారు బ్రష్‌ల నిప్పురవ్వలను అనుమానించండి. ప్రతి మోటారు రెండు టెర్మినళ్ల మధ్య ఒక 104 (0.1 మైక్రోఫారడ్) సెరామిక్ కెపాసిటర్, ఒక్కో టెర్మినల్ నుంచి మోటారు ఒంటికి మరొకటి టంకం వేయండి. రిసీవర్ పవర్ తీగలో 100 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత గ్రౌండ్‌కు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి.

రిసీవరే మార్చాల్సి వస్తే కాళ్ల (పిన్‌ల) వరస జాగ్రత్త. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో టీఎస్‌ఓపీ (ఈ ఐఆర్ రిసీవర్ చిప్‌ల పేరు) అని అడిగితే 1738 రకం చేతిలో పెట్టవచ్చు. దాని వరస గ్రౌండ్, పవర్, అవుట్‌పుట్. 4838, 38238 రకాలకు అవుట్‌పుట్, గ్రౌండ్, పవర్. ఒకదాని చోట ఇంకొకటి అలాగే గుచ్చితే చిప్ పోతుంది. పైగా 1738కి కనీసం 4.5 వోల్టులు కావాలి, 3.3 వోల్టుల కంట్రోల్ బోర్డు మీద దాన్ని నమ్ముకోలేం.

ఇక ఎల్‌ఈడీ. దూరం రెట్టింపు కావాలంటే వెలుగు నాలుగు రెట్లు కావాలి, తేడా అంతా ఈ లెక్కలోనే ఉంది. 5 వోల్టుల లైనులో బీసీ 337 ట్రాన్సిస్టర్, దాని బేస్ కాలుకు 470 ఓమ్‌ల రెసిస్టర్, ఎల్‌ఈడీకి వరసగా 18 ఓమ్‌లది పెడితే దాదాపు 175 మిల్లీ ఆంపియర్లు పోతాయి. అంతకుముందు 100 పోతుండేవనుకుంటే దూరం మూడో వంతుకు మించి పెరగదు, 6 మీటర్లు 8 కూడా కావు. ఈ మార్పులో ప్రమాదం బోర్డు ఆన్ అయ్యే క్షణంలో ఉంది. అప్పుడు సిగ్నల్ పిన్ గాల్లో తేలుతుంటుంది, అంటే ఆన్ అనో ఆఫ్ అనో తేలని స్థితిలో ఉంటుంది. ట్రాన్సిస్టర్ తెరుచుకుని ఉండిపోతే, నిలకడగా 100 మిల్లీ ఆంపియర్లే తట్టుకునే ఎల్‌ఈడీ మాడిపోతుంది. అందుకే బేస్ నుంచి గ్రౌండ్‌కు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ తప్పనిసరి. ఎల్‌ఈడీ పవర్ దగ్గరే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ కూడా వేయండి, లేకపోతే పేల్చినప్పుడల్లా 5 వోల్టుల లైను కుంగుతుంది.

ఇంత చేశాక కూడా కిరణం వెడల్పు అలాగే ఉంటుంది. పక్కకు పోయే వెలుగు కూడా బలపడుతుంది కాబట్టి గది లోపల తెల్ల గోడకు తగిలి వెనక్కొచ్చిన కిరణమే దెబ్బ వేస్తుంది. గురి పెట్టనివాడికీ పాయింటు వస్తుంది. పోరు పాడయ్యేది ఇక్కడే.

సన్న కిరణం ఎల్‌ఈడీతో ఈ తంటా లేదు. టీఎస్‌ఏఎల్ 6400 అనే ఐఆర్ ఎల్‌ఈడీ వెలుగు అటూ ఇటూ 25 డిగ్రీలు పరుచుకుంటుంది, 6100ది 10 డిగ్రీలే. అదే కరెంటుకు నడిమధ్యన 6100 బలం మూడు రెట్లకు పైనే. దూరం ముప్పావు వంతు పెరుగుతుంది, సర్క్యూట్‌లో ఒక్క భాగం కూడా మార్చనక్కర్లేదు. రెండూ 940 నానోమీటర్లవే.

అయినా 10 డిగ్రీలంటే 5 మీటర్ల దూరాన దాదాపు 1.75 మీటర్ల వెడల్పు. 1/16 టైగర్ వెడల్పేమో 23 సెంటీమీటర్లు. కాబట్టి ఎల్‌ఈడీని గొట్టం మూతి నుంచి లోపలికి జరపాలి. 6 మిల్లీమీటర్ల రంధ్రంలో 40 మిల్లీమీటర్లు లోపల కూర్చోబెడితే అదే 5 మీటర్ల దగ్గర వెలుగు ముప్పావు మీటరుకు కుదించుకుపోతుంది. తెగేది అంచులే, మధ్య బలం తగ్గదు. గొట్టం లోపలి గోడ మాత్రం మెరవకూడదు. మెరుపు లేని నల్ల రంగు పూయండి, లేదా లోపల నల్ల కాగితం చుట్టి దూర్చండి. మెరిసే ఇత్తడి గొట్టం అద్దంలా పనిచేసి వెలుగును మళ్లీ చెదరగొడుతుంది.

5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీ అడుగు అంచు 5.8 మిల్లీమీటర్లు ఉంటుంది, సన్న గొట్టంలో దిగకపోతే ఆ అంచును ఆకురాయితో అరగదీయండి. అతికించడానికి సూపర్ గ్లూ వద్దు, దాని ఆవిరి లెన్స్ మీద తెల్లటి పొర కడుతుంది. ముందు చిటికెడు హాట్ గ్లూ పెట్టి, ఎల్‌ఈడీని తిప్పుతూ, మీటరు దూరంలో ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూడండి. ఊదా చుక్క గొట్టం నడిమధ్యన కనిపించే స్థితిలో బిగించండి. గొట్టం వెనక్కి తన్నే బండి అయితే మెత్తటి సిలికాన్ తీగ వాడండి, గట్టి తీగ ఆ ఊపుకు టంకం దగ్గరే తెగుతుంది.

మూతి దగ్గర లెన్స్ పెట్టడం కూడా ఉంది కానీ, గొట్టం కాస్త కదిలినా గురి తప్పుతుంది. శ్రమకు తగ్గ ఫలితం లేదు. కోడ్‌లే కలవని బండ్ల మధ్య పోరు కావాలంటే బోర్డు మార్పే దారి. ఓపెన్ పాంజర్ అనే కంట్రోల్ బోర్డులో టామియా, చైనా కంపెనీ హెంగ్ లాంగ్ కోడ్‌లలో దేన్నైనా ఎంచుకోవచ్చు.

ఏ మార్పు చేసినా కొలిచి చూడండి. నేల మీద 2, 4, 6, 8 మీటర్ల దగ్గర టేపు అంటించి, ఒక్కోచోట పదిసార్లు పేల్చండి. తర్వాత టరెట్‌ను 5 డిగ్రీలు పక్కకు తిప్పి మళ్లీ పేల్చండి. సూటిగా పదికి తొమ్మిది తగలాలి. 5 డిగ్రీలు తిప్పాక 6 మీటర్ల దగ్గర కూడా తగులుతూనే ఉంటే ఎల్‌ఈడీని ఇంకో 10 మిల్లీమీటర్లు లోపలికి నెట్టండి.