కాన్వొకేషన్‌కి భువనేశ్వర్: సొంత కారా, డ్రైవర్‌తో బండా, రైలా?

మా అక్క కూతురు పట్టా అందుకునేది భువనేశ్వర్‌లో. మన ఆంధ్రా యూనివర్సిటీలో అయితే ఇంట్లో టిఫిన్ తిని సి.ఆర్.రెడ్డి కాన్వొకేషన్ హాలుకి వెళ్లిపోయేవాళ్లం. ఇది విశాఖ నుంచి దాదాపు 440 కిలోమీటర్లు, పైగా పక్క రాష్ట్రం. అక్క, బావ, నేను, మాతో అమ్మానాన్నలు. మేనకోడలు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది కాబట్టి నేరుగా విమానంలో వచ్చేసి, తిరుగు ప్రయాణం మాత్రం మాతో చేస్తుంది. అంటే వెళ్లేటప్పుడు అయిదుగురం, వచ్చేటప్పుడు ఆరుగురం. బండి సంగతి మాట్లాడేముందు ఈ లెక్క తేల్చుకోండి, చాలామందికి ఇది చివరి నిమిషంలో గుర్తొస్తుంది.

ముందే చెప్పేస్తున్నా, నా ఓటు డ్రైవర్‌తో మాట్లాడుకునే ఏడు సీట్ల బండికే. ఎందుకో చెప్తాను.

డబ్బు ఒక్కటే చూస్తే సొంత కారే నయం. రానూపోనూ, అక్కడ ఊళ్లో తిరుగుడు కూడా కలిపి 950 కిలోమీటర్లు వేసుకుంటే, లీటరుకు 15 ఇచ్చే కారుకి 63, 64 లీటర్ల పెట్రోలు సరిపోతుంది. ఒడిశాలో పెట్రోలు మనకంటే చవక, కాబట్టి ఇక్కడ ఫుల్ ట్యాంక్ కొట్టించొద్దు, ఇచ్ఛాపురం దాటడానికి చాలినంత పోయించుకుని అవతల నింపుకోండి. టోల్ కూడా కలిసొస్తుంది. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంటే ఏడాది లేదా 200 సార్లు, ఏది ముందైతే అంతవరకు, నేషనల్ హైవే టోళ్ల దగ్గర విడిగా కట్టక్కర్లేదు. అది సొంత కార్లకే, టాక్సీలకి వర్తించదు. గాజువాక, కూర్మన్నపాలెం వైపు వాళ్లయితే ఊళ్లోకి రాకుండా సబ్బవరం మీదుగా ఆనందపురం చేరుకోవచ్చు, మద్దిలపాలెం ట్రాఫిక్ తప్పుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. ఆగుతూ వెళ్తే ఎనిమిది తొమ్మిది గంటలు స్టీరింగ్ పట్టుకునేది ఎవరు? మా ఇంట్లో అయితే బావే. కూతురు గౌను వేసుకుని స్టేజి ఎక్కే పూట ఆ మనిషి అలసటతో హాల్లో కునికిపాట్లు పడటం నాకు ఇష్టం లేదు. ఇన్నాళ్లు ఫీజులు కట్టి, హాస్టల్‌కి తిప్పి, పరీక్షలప్పుడు ఫోన్ పట్టుకుని కూర్చున్నది ఆ ఒక్క నిమిషం చూడటానికే కదా. డ్రైవింగ్ పంచుకునేవాళ్లు ఇద్దరుండి, మనుషులు నలుగురే అయితే సొంత కారులో నిశ్చింతగా వెళ్లండి, నేనే వెళ్లమంటాను.

అద్దె బండి దగ్గర అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. మామూలుగా రోజుకు 250 లేదా 300 కిలోమీటర్లు మినిమం వేసుకుంటారు, డ్రైవర్ బత్తా, టోళ్లు, పార్కింగ్ విడిగా. 300 మినిమం మీద మూడు రోజులంటే 900 కిలోమీటర్లు, మనం నిజంగా తిరిగేది కూడా సుమారు అంతే. కాబట్టి మధ్యలో కాన్వొకేషన్ రోజు బండి నిలబడి ఉన్నా డబ్బు వృథా ఏమీ కాదు. ఒడిశాలోకి వెళ్లే పర్మిట్ ఉందా, లేకపోతే ఆ ఖర్చు ఎవరిది అన్నది మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోండి. టాక్సీగా రిజిస్టరైన పసుపు ప్లేటు బండే తీసుకోండి. తెలిసినవాళ్లది, తక్కువకు వస్తుంది అని తెల్ల ప్లేటు కారుని కిరాయికి తీసుకుంటే, దేవుడి దయవల్ల ఏమీ కాకపోతే సరే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడో కూడా మీరే చూడండి, బండిలో ముడుచుకుని పడుకున్న మనిషిని తెల్లారి 440 కిలోమీటర్లు నడపమనడం తప్పు. ఇంకోటి, మూడో వరుస సీట్లు తెరిస్తే వెనక సామాను చోటు దాదాపు ఉండదు. పైన క్యారియర్ ఉన్న బండి అడగండి.

రైలు సంగతి. 2024 మార్చి నుంచి భువనేశ్వర్ వందేభారత్ ఉంది. మధ్యాహ్నం విశాఖలో ఎక్కితే రాత్రికి దిగొచ్చు. బాత్రూమ్ గురించి టెన్షన్ పడే పెద్దవాళ్లకి ఇదే సుఖం, షుగర్ ఉన్నవాళ్లకి మరీను. హైవే మీద శుభ్రమైన బాత్రూమ్ ఎక్కడ దొరుకుతుందోనని మా అమ్మ పొద్దుటి నుంచీ నీళ్లు తాగడం మానేస్తుంది, అది నాకు చాలా బాధగా ఉంటుంది. అయితే రాత్రి పూట స్టేషన్లో దిగి ఆటో, హోటల్, పొద్దున్నే మళ్లీ క్యాబ్, ఆ తిప్పలు కూడా వాళ్లకే. మీ అమ్మానాన్నలు గంట కూడా కారులో కూర్చోలేరంటే వాళ్లిద్దరినీ రైల్లో పంపండి, తోడుగా ఒకరు వెళ్లండి. లేదంటే బండిలోనే రెండు గంటలకోసారి ఆపుతూ వెళ్లొచ్చు: శ్రీకాకుళం, పలాస, బరంపురం. బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్లు బోలెడుమంది, తిండికీ మందులకీ ఇబ్బంది ఉండదు.

ఏ బండైనా సరే, ఒకరోజు ముందే చేరాలి. రాత్రంతా ప్రయాణం చేసి పొద్దున్నే హాలుకి వెళ్దాం అనే ఆలోచన మానుకోండి. అరసవల్లి దర్శనం, చిలికా దగ్గర ఆగడం, బరంపురం పట్టుచీర కొనడం, ఇవన్నీ తిరుగు ప్రయాణంలో పెట్టుకుంటే గడియారం చూసుకోనక్కర్లేదు, పిల్ల కూడా మనతోనే ఉంటుంది. తేదీ అక్టోబరులో పడితే మాత్రం హోటల్ రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయండి. అది తుఫాన్ల నెల: 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014లో హుద్‌హుద్ మన విశాఖలో, 2018లో తిత్లీ పలాస వైపు తీరం దాటాయి, మూడూ అక్టోబరు రెండో వారంలోనే. అలాంటప్పుడు రోడ్డూ రైలూ రెండూ ఆగిపోతాయి.

ఇవన్నీ మాట్లాడుకునేలోపు పిల్లకి ఫోన్ చేసి పాసులు ఎన్నిస్తారో అడగండి. చాలాచోట్ల ఒక్కో విద్యార్థికి ఇద్దరికే హాల్లోకి ప్రవేశం. మాకూ రెండే వస్తే లోపలికి అక్కా బావా వెళ్తారు. అమ్మమ్మా తాతయ్యా ఆ రెండు మూడు గంటలూ బయట ఎండలో నిలబడకుండా ఏసీ వేసుకుని కూర్చోవడానికి గేటు దగ్గర ఒక బండి, ఒక డ్రైవర్ ఉండాలి. మేనకోడలు గౌను తిరిగి ఇచ్చేయకముందే బయటికొచ్చి వాళ్లతో ఫొటో దిగాలని ఇప్పటికే చెప్పేశాను.