నుమాయిష్‌లో ఫిజిక్స్ పాఠం: నా ఓటు కొలంబస్‌కే

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. జనవరి వచ్చిందంటే తొమ్మిదో తరగతి చదివే మావాణ్నీ, మా అక్క కూతుర్నీ వెంటేసుకుని నాంపల్లి ఎగ్జిబిషన్‌కు పోవాల్సిందే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన నుమాయిష్ గురించి హైదరాబాదీలకు కొత్తగా చెప్పేదేముంది? పిల్లలకు ఫిజిక్స్ చూపించడానికి అక్కడ ఏ రైడ్ మేలో, ఆ సంగతే రాస్తా.

కొలంబస్, అంటే ఉయ్యాలలా ఊగే పెద్ద పడవ, దగ్గరకెళ్లగానే పిల్లల్ని ఎక్కించకండి. కంచె బయట నిలబెట్టి పడవ కిందకు చూడమనండి. అక్కడ మోటారుతో తిరిగే టైరు ఉంటుంది. పడవ కిందికి వచ్చినప్పుడల్లా అది అడుగును ఒరుసుకుంటూ నెడుతుంది, ఉయ్యాలను సరిగ్గా అదను చూసి తోసినట్టు. ఆగబోయే ముందు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చివరి ఊపులు కొలవమన్నాను.

"పిన్నీ, ఊపు తగ్గుతోంది గానీ టైం పెద్దగా మారట్లేదు!"

లోలకం పాఠం ఇక నేను చెప్పేదేం మిగల్లేదు. పోయి రావడానికి దాదాపు 6 సెకన్లు. లోలకం సూత్రంలో వేస్తే ఇరుసు నుంచి పడవ దాకా పొడవు 9 మీటర్లకు అటూఇటూ వస్తుంది. పడవ రాయి కట్టిన దారం కాదు కాబట్టి ఇది ఉజ్జాయింపే.

ఆ తర్వాత ఎక్కించండి. పడవ 60 డిగ్రీల దాకా లేస్తే మధ్య సీట్లో ఉన్నవాళ్లకు కిందికొచ్చినప్పుడు బరువు రెట్టింపు, పైకొసన సగం అనిపిస్తుంది. పడవ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. చివరి సీటు ఇంకా నిలువుగా లేస్తుంది కాబట్టి పైకొసన అక్కడ మరీ తేలిక. కడుపులో గిలిగింతలకు కారణం అదే. మావాడు చివరి సీటే కావాలని గొడవ, నేను మాత్రం మధ్యలోనే కూర్చున్నా.

మౌత్ కా కువా, అంటే బావిలాంటి గుండ్రటి గోడ మీద బైకు నడిపే ఆట, కూడా మంచి పాఠమే. గోడ బైకును లోపలికి నెడుతుంది, ఆ ఒత్తిడి వల్ల పుట్టే ఘర్షణ పడిపోకుండా ఆపుతుంది. 5 మీటర్ల వ్యాసార్థం అనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల వేగంలో గోడ నెట్టే బలం బరువుకు రెట్టింపు. కానీ పైనుంచి చూస్తుంటే నాకు టెన్షన్, లెక్క మీద మనసు నిలవదు.

జెయింట్ వీల్ ఊరు చూడ్డానికి బాగుంటుంది, అంతే.

ఈమధ్య ఒక ట్యూషన్ సెంటర్ వాళ్లు "సైన్స్ ట్రిప్" అని మావాణ్ని రైడ్లకు తీసుకెళ్లి, "గతిజశక్తిని నిర్వచింపుము" అని ప్రశ్నపత్రం చేతిలో పెట్టారు. దానికి రైడెందుకు, బెంచీ చాలదూ? మీరే తీసుకెళ్లండి. గాంధీభవన్ మెట్రో స్టేషన్ దగ్గరే, సాయంత్రం రద్దీ పెరగకముందే వెళ్తే కొలంబస్‌కు లైను తక్కువ. మిర్చి బజ్జీలు మాత్రం దిగాకే.