పాత ఫోటోలో ఫిరంగి ట్రాక్టర్‌ను గుర్తించడానికి ఏది మేలు: గుర్తులా, నంబరా, ముందు అద్దమా?

రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఫోటో ఒకటి చేతికి వచ్చిందనుకుందాం. మట్టి రోడ్డు మీద పొట్టి లారీ (ఫిరంగిని లాగే ఇలాంటి బండినే ఫిరంగి ట్రాక్టర్ అంటారు), దాని వెనుక మందుగుండు పెట్టె బండి, ఆ వెనుక 25 పౌండర్ ఫిరంగి వరుసగా సాగుతున్నాయి. ఆ లారీ బ్రిటన్‌లో తయారైన మోరిస్ సీ8 క్వాడా, లేక కెనడాలో తయారైన ఫోర్డ్ లేదా షెవ్రొలే ట్రాక్టరా అన్నది తేల్చాలి. ఫిరంగిని చూసి తేల్చలేం, ఎందుకంటే అదే ఫిరంగిని ఈ మూడూ లాగాయి.

చాలామంది ముందుగా నమ్మేది ఫోటో కింది రాతనూ, బండి మీది గుర్తులనూ. నా లెక్కలో అన్నిటికన్నా బలహీనమైన ఆధారాలు ఇవే. 1940లో బ్రిటిష్ సైన్యం ఫ్రాన్సులో వదిలి వెళ్లిన క్వాడ్‌లను జర్మన్లు తమ గుర్తులు వేసుకుని వాడుకున్నారు కాబట్టి, తలుపు మీద జర్మన్ శిలువ ఉన్నంత మాత్రాన ఆ బండి జర్మనీలో తయారైనట్టు కాదు. 1944 నాటి ఐరోపా ఫోటోల్లోని తెల్ల నక్షత్రం కూడా ఒక్క అమెరికాది కాదు, మిత్రపక్షాలన్నిటిదీ. బ్రిటిష్ ఫిరంగి దళపు చదరపు గుర్తులో పై సగం ఎరుపు, కింది సగం నీలం. నలుపు తెలుపు ఫోటోలో ఆ రెండూ బూడిద రంగులోకే దిగిపోతాయి. అది చక్కగా కనిపించినా, బండి ఎవరి దగ్గర ఉందో చెబుతుందే తప్ప ఎవరు తయారు చేశారో చెప్పదు.

నంబరు ఇంతకంటే మేలు. బ్రిటిష్ పద్ధతిలో ట్రాక్టర్ నంబరు ముందు హెచ్, లారీకి ఎల్, తేలికపాటి ట్రక్కుకు జడ్ అక్షరాలు ఉండేవి. హెచ్‌కు ముందు సీ కూడా కనిపిస్తే అది కెనడా సైన్యపు బండి. అయితే కెనడాలో తయారై బ్రిటిష్ సైన్యానికి చేరిన ట్రాక్టర్ మీదా ఒట్టి హెచ్ మాత్రమే ఉంటుంది గనుక, తయారీదారు దగ్గరికి వచ్చేసరికి నంబరు సగం దారిలోనే ఆగిపోతుంది. పైగా పత్రికలకిచ్చిన ఫోటోల్లో సెన్సారు వాళ్లు నంబర్లను, దళ చిహ్నాలను చెరిపేసిన సందర్భాలు కొల్లలు.

నేను ముందుగా చూసేది పక్కనుంచి కనిపించే ఆకారం, అందులోనూ ముందు అద్దం. క్వాడ్ బానెట్ ముందుకు చాచుకుని కిందికి వాలుతుంది. కెనడా బండిలో ఇంజను కొంత భాగం కేబిన్‌లోకే చొచ్చుకు రావడంతో దాని మూతి చప్పిడిగా ఉంటుంది. కెనడా బండ్ల కేబిన్ నమూనాలకు నంబర్లు ఉండేవి; 1941 చివర్లో మొదలైన 13వ నంబరు కేబిన్‌లో అద్దం పై అంచు ముందుకు, కింది అంచు లోపలికి ఉండేలా వాల్చారు. ఎండ తళుక్కుమని విమానాల కంట పడకుండా చేసిన ఏర్పాటది. స్కేలు అంచును ఫోటో మీద నిలువుగా ఆనిస్తే ఆ వాలు ఇట్టే దొరుకుతుంది. అది కనిపించిన ఫోటో కింద “డన్‌కర్క్, 1940” (బ్రిటిష్ సైన్యం ఫ్రాన్సు నుంచి వెనుదిరిగిన రేవు) అని ఎవరు రాసినా ఆ రాత తప్పే, అప్పటికి ఆ కేబిన్ రానే లేదు. దీనికి పరిమితి లేకపోలేదు: అంతకుముందరి 11, 12 నంబర్ల కేబిన్లలో ఈ వాలు ఉండదు కాబట్టి, అక్కడ మూతి పొట్టితనాన్నే నమ్ముకోవాలి. వెనుక భాగపు వాలును మాత్రం నమ్మకూడదు. తాబేలు వీపులాంటి ఆ గూను మోరిస్‌కే కాక గై క్వాడ్-యాంట్ అనే మరో బ్రిటిష్ ట్రాక్టర్‌కూ, తొలినాటి కెనడా ట్రాక్టర్లకూ ఉంది.

ఇక ఫోర్డా, షెవ్రొలేనా అన్న చోట ఆకారం చేతులెత్తేస్తుంది, ఎందుకంటే రెండు కంపెనీలదీ ఒకే కేబిన్. తేడా రేడియేటర్ ముందరి జాలీలో ఉంది: 13వ నంబరు కేబిన్‌లో ఫోర్డ్ గళ్లు చతురస్రాలు, షెవ్రొలే గళ్లు డైమండ్లు. అసలు ప్రింటును భూతద్దం కింద పెడితే ఇంతకు మించిన ఆధారం లేదు. పత్రికలో అచ్చయిన బొమ్మ దగ్గర ఇదే ఆధారం మోసం చేస్తుంది, ఎందుకంటే అచ్చు బొమ్మ సన్నని చుక్కలతో ఏర్పడుతుంది, ఆ చుక్కల వరుసలు సాధారణంగా 45 డిగ్రీల వాలులో ఉండి, లేని చోట కూడా డైమండ్ గళ్లను చూపిస్తాయి. కాబట్టి ముందుగా పక్కనున్న మడ్‌గార్డును భూతద్దంలో చూస్తాను. నున్నటి ఆ రేకు మీద కూడా అవే గళ్లు కనిపిస్తే అవి కాగితానివి. అప్పుడు “కెనడా ట్రాక్టర్, 13వ నంబరు కేబిన్” అని రాసుకుని, కంపెనీ పేరు చోటు ఖాళీగా వదిలేస్తాను.