పిల్లల బైబిలు కథల కార్డులు: మోషే కథ కోసమైనా కొనవచ్చు

ఇల్లు మారడం, మావారి ఉద్యోగం పోవడం, రెండోవాడు పుట్టడం మాకు ఒకే ఏడాదిలో జరిగాయి. నాలుగేళ్ల పాపకు ఇవన్నీ ఎలా చెప్పాలో దిక్కుతోచని రోజుల్లో, పడుకునే ముందు చదివి వినిపించడానికి ఈ బొమ్మల కార్డుల పెట్టె తెచ్చుకున్నాం. ఒక్కో కథకు కొన్ని కార్డులు, ముందువైపు బొమ్మ, వెనుక కథ. అంచులు నలిగేదాకా వాడాం కాబట్టి మంచీ చెడూ చెబుతున్నాను.

మోషే కథ అద్భుతంగా ఉంది. ఐగుప్తు రాజు ఫరో ఇశ్రాయేలీయుల మగబిడ్డలను చంపమన్నప్పుడు, తల్లి పెట్టెలో పెట్టి నది ఒడ్డున జమ్ములో ఉంచిన బిడ్డ మోషే; ఆ రాజు కూతురికే దొరికాడు. పిల్లల కోసం చెప్పేటప్పుడు చాలామంది బిడ్డను నీళ్లలో వదలగానే రాకుమార్తెను తీసుకొచ్చేస్తారు. ఇక్కడ ఆ తొందర లేదు. తల్లి యొకెబెదు జమ్ముపెట్టెకు నీళ్లు చొరకుండా జిగటమన్ను, కీలు (తారు) పూయడానికి ఒక కార్డు మొత్తం ఇచ్చారు. ఆమె వేళ్లన్నీ నల్లగా ఉంటాయి, ఒక్క సందు కూడా వదలకుండా వంగి పూస్తూ ఉంటుంది. 3 నెలలు దాచిన బిడ్డను ఇక దాచలేనని తెలిసిన తల్లి చేతులవి. దేవుడి మీద భారం వేయడమంటే ఏమీ చేయకుండా కూర్చోవడమని అనుకునేవాళ్లకు ఆ బొమ్మ చూపించాలనిపిస్తుంది.

తర్వాతి కార్డులో తల్లి లేదు, రాకుమార్తె ఇంకా రాలేదు. జమ్ములో పెట్టె, దూరంగా నిలబడి చూస్తున్న అక్క, అంతే. మా పాప అక్కడ ప్రతిసారీ ఆగుతుంది.

"వాళ్లమ్మ ఏడుస్తోందా?" అని ఒక రాత్రి అడిగింది.

"ఏడుస్తూనే ప్రార్థన చేసుకుంటూ ఉంటుంది" అన్నాను. బైబిలులో ఈ కథ ఉన్న నిర్గమకాండంలో ఆ మాట లేదు. తల్లిగా నాకు అలాగే అనిపించింది.

పాప కాసేపు ఆలోచించి, "అక్క చూస్తోందిగా" అని తమ్ముడి వైపు తిరిగి పడుకుంది. వాడు పుట్టినప్పటి నుంచి వాడి పక్కన పడుకోనని పేచీ పెట్టిన పిల్ల!

కథ అక్కడితో అయిపోలేదు. బిడ్డకు పాలివ్వడానికి రాకుమార్తె ఆ తల్లినే పెట్టుకుంది; అలా పాలిచ్చి పెంచిన బిడ్డను యొకెబెదు మళ్లీ తీసుకెళ్లి ఫరో కుమార్తెకు అప్పగించడం కూడా చివరి కార్డులో ఉంది. దక్కిన బిడ్డను రెండోసారి వదులుకోవడం. పాపను మొదటి రోజు బడి గేటు దగ్గర దింపి వచ్చాక ఆ కార్డు తీసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మందిరంలో దేవుడి సేవకు ఇచ్చేసిన కొడుకు సమూయేలుకు హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లడం, అరణ్యంలో దేవుడు కురిపించిన ఆహారం మన్నాను ఏ రోజుకు ఆ రోజే ఏరుకోవడం కూడా బాగా వచ్చాయి. దాచుకున్న మన్నాకు పురుగులు పట్టిన బొమ్మ పిల్లలకు భలే ఇష్టం.

అబ్రాహాము కొడుకుతో సహా ఇంటి నుంచి పంపేసిన దాసి హాగరు కథ మాత్రం పాడుచేశారు. గుడారం నుంచి బయలుదేరిన తల్లీకొడుకులు తర్వాతి కార్డులోనే నవ్వుతూ బావి దగ్గర ఉంటారు. తిత్తిలో నీళ్లు అయిపోవడం, పిల్లవాణ్ణి పొద కింద ఉంచి, వాడి చావు చూడలేక వింటివేత దూరంలో కూర్చుని ఆమె ఏడవడం ఏవీ లేవు. దేవుడు ఆ పిల్లవాడి మొర విన్నాడన్నది అక్కడే కదా! ఆయన ఆమె కళ్లు తెరిచాకే నీళ్ల ఊట కనబడింది. జీతం రాని నెలల్లో నన్ను నిలబెట్టిన మాట అది. పిల్లలు భయపడతారని తీసేసి ఉంటారు. భయం ఇప్పటికే ఇంట్లో ఉన్న పిల్లలకు ఆ ఏడుపు కూడా వినిపించాలి.

ప్రతి కార్డు చివర ఒక నీతివాక్యం ఉంది, "అంతా మంచే జరుగుతుంది" లాంటిది. నేను చదవను. నాన్నకు రేపే ఉద్యోగం వస్తుందని పాపకు మాట ఇవ్వలేను. రేపు కూడా దేవుడు మనతో ఉంటాడని చెప్పగలను, చెబుతాను.

అట్ట మందంగా ఉంది, మూలలు గుండ్రంగా ఉన్నాయి. చిన్నవాడు నోట్లో పెట్టుకున్నవి మాత్రం ఉబ్బిపోయాయి. వెనుక అక్షరాలు మరీ చిన్నవి, పడక దీపం వెలుగులో చదవడం కష్టం. పెట్టె మూత త్వరగా చిరిగింది, గుడ్డ సంచిలో వేసుకుంటే నయం.

ఇల్లు మారుతున్నవాళ్లు, పిల్లల్ని కొత్తగా బడికి పంపుతున్నవాళ్లు, ఇంట్లో మరో బిడ్డ రాబోతున్నవాళ్లు తప్పకుండా తీసుకోండి. హాగరు కార్డులు పక్కన పెట్టి, ఆదికాండం 21వ అధ్యాయం నేరుగా బైబిలులోంచే చదవండి.