లౌడన్ పడమటి వైపు: భూమి సరే, నీళ్ల మాటేంటి?

వాషింగ్టన్ దగ్గర, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మాది టౌన్‌హోమ్. వెనక జానెడు స్థలం, అందులో నాలుగు మిర్చి మొక్కలు, కాస్త గోంగూర. కోళ్లు పెంచుదామంటే మా హెచ్‌ఓఏ (ఇళ్ల ఓనర్ల సంఘం) ఒప్పుకోదు. పెద్ద తుఫానొచ్చి వారం పాటు షాపులు మూతపడితే ఎలా అని మా ఆవిడకి ఎప్పుడూ టెన్షనే. అందుకే ఇదే లౌడన్ కౌంటీలో పడమటి వైపు ఐదెకరాలు కొనొచ్చేమో చూద్దామని మొన్న వీకెండ్ బయల్దేరాం.

రూట్ 7 మీద లీస్‌బర్గ్ దాటాక ఊరి తీరే మారిపోతుంది. డేటా సెంటర్ల గోడలు పోయి గడ్డి మోపులు, గుర్రాలు, ద్రాక్షతోటలు వస్తాయి. పర్సెల్‌విల్ దగ్గర ఒక పాత ఫామ్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రంగా ఉంది, వాళ్ల కోళ్ల గుడ్లతో వేసిన ఆమ్లెట్ ఇంకా బాగుంది.

శనివారం రాత్రి గాలివానకి కరెంటు పోయింది. ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పితే కాసేపు సన్నగా వచ్చి ఆగిపోయింది. టాయిలెట్‌దీ అదే కథ. ఈ వైపు ఊళ్ల బయట ఇళ్లకి సొంత బోరే దిక్కు, మోటారు ఆగితే నీళ్లూ ఆగుతాయి. చేద వేసి తోడుకోవడానికి అది మా తాతయ్య ఇంటి బావి కాదు, వందల అడుగుల లోతు. ఓనరుకి జనరేటర్ ఉంది గానీ, చాన్నాళ్లుగా స్టార్ట్ చేసి చూడలేదట. తెల్లారేదాకా కార్లో ఉన్న రెండు క్యాన్లతోనే సరిపెట్టుకున్నాం. ఇంత చేసి బిల్లులో పైసా తగ్గించలేదు.

ఆదివారం బ్లూమాంట్ మీదుగా కొండెక్కాం. అక్కడే మౌంట్ వెదర్, కష్టకాలంలో ప్రభుత్వం నడవడానికి పెట్టుకున్న కేంద్రం. చోటు మంచిదే అన్నమాట! మనల్ని లోపలికి రానివ్వరు, అంతే.

నేల బాగుంది. కానీ మే నుంచి సెప్టెంబర్ దాకానే బెండ, వంకాయ నమ్మకంగా కాస్తాయి, అవీ జింకల నోట పడకుండా ఎత్తుగా కంచె వేస్తేనే. సెప్టిక్ ట్యాంకుకి నేలలో నీరు ఇంకుతుందో లేదో పరీక్ష చేయించాలి. లీస్‌బర్గ్‌కి ఉత్తరాన సున్నపురాయి నేల, గుంటలు పడే చోట్లున్నాయి, బోరు నీళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి.

నాకు నచ్చనిది దారి. మేరీల్యాండ్ వైపు వెళ్లాలంటే ఈ కౌంటీ నుంచి పొటోమాక్ నది మీద మూడే వంతెనలు. వైట్స్ ఫెర్రీ పడవ 2020 చివర్లోనే ఆగిపోయింది. ఏదైనా ఆపదొచ్చి వాషింగ్టన్ జనమంతా ఒక్కసారి కదిలితే రూట్ 7 మీద అంగుళం కూడా జరగదు.

ప్రస్తుతానికి కొనడం వాయిదా. మనిషికి రోజుకో గ్యాలన్ చొప్పున నలుగురికి రెండు వారాలకి 56 గ్యాలన్లు, అవి మా గ్యారేజీలోనే పడతాయి, బియ్యం బస్తాల పక్కన. ఎప్పుడైనా కొంటే మాత్రం ఏజెంటుని ముందు అడిగేది బోరు లోతెంత, దానికి చేతిపంపు బిగించొచ్చా అనే. వంటింటి గ్రానైటు తర్వాత చూసుకోవచ్చు.