కలకత్తా మిఠాయిలు, ఒక 4,366 రూపాయల బిల్లు

వెజ్ థాలీ రెండు, ఒక్కోటి 495. చేపల థాలీ రెండు, ఒక్కోటి 745. నీళ్ల సీసాలు రెండు, ఒక్కోటి 90. నొలెన్ గుర్ అనే బెల్లంతో చేసే ఐస్‌క్రీం నాలుగు, ఒక్కోటి 280. ఇక్కడికి 3,780. దాని మీద సర్వీస్ ఛార్జ్ పది శాతం, అంటే 378. ఈ రెండూ కలిపి వచ్చిన దాని మీద జీఎస్టీ ఐదు శాతం. మొత్తం 4,366 రూపాయలు. కిందటి డిసెంబరు చివరి వారంలో కలకత్తాలో పార్క్ స్ట్రీట్ దగ్గర ఒక హోటల్లో మేం నలుగురం చేసిన మధ్యాహ్న భోజనం ఖరీదు ఇది. హోటల్ పేరు రాయను గానీ, అలాంటి చోటిని లోపలికి వెళ్లకముందే ఎలా పసిగట్టాలో మాత్రం రాస్తాను.

మాకు ఆ దారి చూపించింది లాడ్జి కౌంటర్లో కుర్రాడు. చాందినీ చౌక్ మెట్రో దగ్గర ఫ్యామిలీ రూము తీసుకున్నాం, రోజుకి 2,800. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు వచ్చాయి, దాని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. "మంచి బెంగాలీ భోజనం ఎక్కడ దొరుకుతుంది?" అని అడగ్గానే ఆ కుర్రాడు సొరుగులోంచి ఒక కార్డు తీసి ఇచ్చాడు. అది చూపిస్తే పది శాతం తగ్గింపట. మా అబ్బాయి వెంటనే ఫోన్ తీసి చూశాడు. "నాన్నా, 4.6 స్టార్లు, వేలల్లో రివ్యూలు!" ఇంకేం, ఆటో ఎక్కాం.

క్రిస్మస్ రోజుల్లో పార్క్ స్ట్రీట్ అంతా దీపాలూ జనమూ. టోకెన్ తీసుకుని గుమ్మం బయట గంటకు పైగా నిలబడ్డాం. మా అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. కుర్చీ అడిగితే, లోపల ఖాళీ అవ్వనివ్వండి అన్నారు. అప్పటికే ఆవిడ ముఖం మాడిపోయింది. లోపలికి వెళ్లాక వెజ్ థాలీ వచ్చింది. అందులో పప్పు, బంగాళాదుంప కూర, పనీర్ కూర, చల్లారిపోయిన లుచీలు, అంటే మైదా పూరీలు. బెంగాల్‌లో పనీర్ కూర తినడానికి రాజమండ్రి నుంచి రావాలా? చేపల థాలీలో ముక్క చిన్నది, పులుసు ఎక్కువ. వీటికి నేను పెద్దగా బాధపడలేదు. నన్ను మండించింది ఐస్‌క్రీం. మామూలు వెనిల్లా మీద ఏదో బెల్లం రంగు పాకం పోసి తెచ్చారు. నోట్లో పెట్టుకుంటే ఎసెన్సు వాసన తప్ప బెల్లం లేదు. నొలెన్ గుర్ సీజన్ నడిమధ్యలో, అసలు సరుకు ఊరంతా దొరుకుతున్నప్పుడు, ఆ పని చేయడానికి ఎంత బద్ధకం ఉండాలి!

తింటూ ఉండగానే వెయిటర్ ఒక క్యూఆర్ కార్డు తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్ చూపిస్తే ఒక గులాబ్‌జామూన్ ఉచితం. ఆ 4.6 ఎక్కడ నుంచి వచ్చిందో మా అబ్బాయికి అప్పుడు అర్థమైంది. వాడు స్టార్లు ఇవ్వలేదు, గులాబ్‌జామూనూ తినలేదు.

బిల్లు వచ్చాక కార్డు చూపించాను. క్రిస్మస్ వారంలో తగ్గింపు చెల్లదన్నాడు మేనేజరు. ఇస్తామన్న పది శాతం ఇవ్వకపోగా, అడగని పది శాతం వేశారన్నమాట. సర్వీస్ ఛార్జ్ తీసెయ్యమన్నాను. "హోటల్ రూలు సార్" అన్నాడు. అది రూలు కాదు. హోటళ్లు సర్వీస్ ఛార్జిని వాటంతట అవే బిల్లులో కలపకూడదనీ, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చేయకూడదనీ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇదంతా చెప్తే ఆయన తల ఊపుతూ విన్నాడే తప్ప బిల్లు మార్చలేదు. పక్క టేబుళ్ల వాళ్లు చూస్తున్నారు. మా ఆవిడ "ఏవండీ, మూడొందల కోసం ఎందుకండీ ఈ గొడవ, లేవండి" అంటోంది. నేను లేవలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915 నొక్కి ఫోన్ స్పీకర్లో పెట్టాను. అవతల రికార్డు గొంతు ఇంకా భాష ఎంచుకోమంటూనే ఉంది, మేనేజరు బిల్లు పట్టుకుని లోపలికి వెళ్లి 3,969తో కొత్తది తెచ్చాడు. తేడా 397 రూపాయలు. నీళ్ల సీసా గురించి మాత్రం నోరెత్తలేదు. హోటల్లో కూర్చుని తాగే సీసాకి ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లోనే చెప్పింది. ఎందుకొచ్చిన గొడవ, మీ సీసా మీరే పట్టుకెళ్లండి.

ఆ సాయంత్రమంతా అత్తయ్యగారు మాట్లాడలేదు. రాత్రి గదిలో అటుకులూ పెరుగూ తిని పడుకున్నారు.

మర్నాడు ఆవిడ మూడ్ మార్చింది కాలేజీ స్ట్రీట్ దగ్గర భవానీ దత్త లేన్‌లోని స్వాధీన్ భారత్ హిందూ హోటల్. ఇలాంటి వాటిని పైస్ హోటళ్లంటారు. ఒకప్పుడు ఒక్కో పదార్థం పైసాకి దొరికేదట, అందుకని ఆ పేరు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఈ హోటల్ పేరు ముందు 'స్వాధీన్ భారత్' చేర్చుకున్నారు. ఆ రోజు ఏమున్నాయో బోర్డు మీద సుద్దతో రాస్తారు. మనం అడిగిన దానికే డబ్బు. అన్నం వేరు, పప్పు వేరు, అరిటాకు కూడా వేరుగా లెక్క. ముందు ఇది కక్కుర్తిలా అనిపించింది, తర్వాత ఎంత న్యాయమో తెలిసింది. తినని దానికి కట్టక్కర్లేదు కదా. ఏసీ లేదు, తినేశాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే వెనక నిలబడ్డవాళ్లు చూస్తారు.

అత్తయ్యగారు శుద్ధ శాకాహారి. చేపల ఊళ్లో ఆవిడకి ఏం దొరుకుతుందోనని బయల్దేరే ముందు అందరికీ టెన్షనే. కానీ బెంగాలీల శాకాహార వంటే ఒక ప్రపంచం. పాతకాలం విధవలకి చేపలూ ఉల్లీ వెల్లుల్లీ కూడా నిషేధించిన ఇళ్లల్లో ఆ ఆడవాళ్లే పుట్టించిన వంటలు చాలా ఉన్నాయి అందులో. కాకరకాయతో చేదుగా మొదలుపెట్టే శుక్తో, కొబ్బరి ముక్కలేసిన శనగపప్పు, అరటిపువ్వుతో మోచార్ ఘొంటో. అరటిపువ్వు కూర చూడగానే ఆవిడ కళ్లజోడు సర్దుకున్నారు. "దొప్పలు బాగానే ఒలిచారు, కానీ ఆవ పెట్టలేదే" అన్నారు. ఆవ మనకొక్కళ్లకే తెలుసనుకునే గోదావరి వాళ్లకి, ఈ ఊళ్లో చేపలకి కూడా ఆవ పెడతారని తెలిస్తే కాస్త గర్వం తగ్గుతుంది. నలుగురం తిన్నది 585 రూపాయలు. నేను రెండుసార్లు కూడుకుని చూశాను.

శాకాహారులు ఒక జాగ్రత్త పడాలి. కూరగాయ పేరు వినగానే ఒప్పేసుకోవద్దు. మోచార్ ఘొంటోలో రొయ్యలు వేసేవాళ్లున్నారు, క్యాబేజీ కూరలో చేప తల వేస్తారు, బెంగాలీలో మూరీ అంటే మరమరాలు కదా అని మూరీ ఘొంటో అడిగేరు, అదీ చేప తలే. 'నిరామిష్', అంటే శాకాహారం, అని గట్టిగా అడిగి, వడ్డించే ముందు ఇంకోసారి అడగండి. విసుక్కోరు.

ఇక తీపి సంగతి. నిజానికి మేం కలకత్తా వెళ్లిందే దీనికోసం.

హేదువా దగ్గర రాందులాల్ సర్కార్ స్ట్రీట్‌లో గిరీశ్ చంద్ర దే, నకుర్ చంద్ర నంది అని ఒక దుకాణం ఉంది, అందరూ నకుర్ అనే అంటారు. 1844 నాటిది. గిరీష్ పార్క్ మెట్రోలో దిగి నడవొచ్చు, మా లాడ్జి దగ్గర నుంచి టికెట్టు పది రూపాయలకు మించదు. బయట నుంచి చూస్తే మిఠాయి కొట్టు అని ఎవరూ అనుకోరు. ఇనుప ఊచలు, వాటి వెనక పళ్లేలు, ఊచల్లోంచే డబ్బిచ్చి సరుకు అందుకోవాలి. పాత బ్యాంకు కౌంటరులా ఉంటుంది. కుర్చీలు లేవు, రోడ్డు మీదే నిలబడి తినాలి. వాళ్లు చేసేది పాల విరుగుడుతో అయ్యే సందేశ్ ఒక్కటే, రసగుల్లా అడిగితే లేదంటారు. నాకు అక్కడే నమ్మకం కుదిరింది. నూరు రకాలు అమ్మేవాడి కంటే ఒక్కటే చేసేవాడి దగ్గర మోసపోయే అవకాశం తక్కువ.

నొలెన్ గుర్ అంటే ఈత బెల్లం. మన దగ్గర ఈత చెట్టు అంటే కల్లే గుర్తొస్తుంది. అక్కడ చలికాలంలో అదే చెట్టుకి కోత పెట్టి, రాత్రంతా కారిన రసాన్ని పులియకముందే తెల్లారి కాచి బెల్లం చేస్తారు. చలి ఎంత బాగా ఉంటే రసం అంత బాగుంటుంది, అందుకే నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకానే దీని కాలం. అందులో పొగ వాసన ఉంటుంది, కాస్త మాడిన పంచదార రుచీ ఉంటుంది. కొత్తగా విరిచిన పాల విరుగుడులో ఆ బెల్లం కలిపి సన్నటి సెగ మీద తిప్పితే అయ్యే సందేశ్‌లో తీపి తక్కువ, వాసన ఎక్కువ. మన కోవాకి అలవాటుపడ్డ నాలుకకి మొదటి ముక్క చప్పగా తోస్తుంది. రెండో ముక్కకి దారిలో పడతాం. జొలొభరా అని ఇంకో రకం, తాటిముంజె ఆకారంలో ఉంటుంది, లోపల బెల్లం పాకం. మా అబ్బాయి ఒకేసారి కొరికాడు, పాకమంతా తెల్ల చొక్కా మీద పడింది. ఊచల వెనక ఉన్న పెద్దాయన నవ్వి, ఎలా తినాలో చేత్తో చూపించాడు. తలకాయ వంచి, చిన్నగా. నలుగురం తనివితీరా తిన్నది 410 రూపాయలు. ముందు రోజు తిన్న రెండు ఐస్‌క్రీముల డబ్బు కూడా కాదు.

బౌబజార్‌లో భీమ్ చంద్ర నాగ్ ఇంకా పాతది, 1826. లెడికేని అక్కడిదే అంటారు, వైస్రాయ్ క్యానింగ్ భార్య పేరు మీద వచ్చిన మిఠాయి. బెంగాలీ అంకెలున్న పెద్ద గోడ గడియారం చూడటం మరిచిపోకండి. ఎస్ప్లనేడ్‌లో కె.సి.దాస్ రసగుల్లా తిన్నాం. వాళ్ల పూర్వీకుడు నవీన్ చంద్ర దాస్ 1868లో బాగ్‌బజార్‌లో దీన్ని తయారుచేశాడని బెంగాలీల వాదన. భౌగోళిక గుర్తింపు బెంగాల్ రసగుల్లాకి 2017లో, ఒడిశా రసగోలకి 2019లో వచ్చింది. అత్తయ్యగారు పూరీ జగన్నాథుడి పక్షం, లక్ష్మీదేవికి స్వామి తినిపించేదాన్ని వీళ్లు కనిపెట్టడమేమిటని కొట్లోనే అన్నారు. తెలుగు కాబట్టి సరిపోయింది. అన్నట్టు తిన్నవి మాత్రం మూడు.

భవానీపూర్‌లో బలరాం మల్లిక్ పెద్ద దుకాణం, అద్దాలూ ఏసీ ఉన్నాయి, బేక్డ్ రసగుల్లా మా ఆవిడకి నచ్చింది, నాకు వద్దు. కాలేజ్ స్క్వేర్‌లో పారమౌంట్ షర్బత్ కొట్టు 1918 నాటిది, అక్కడ కొబ్బరిబోండం షర్బత్ తాగాం. "కోనసీమ పక్కన పుట్టి ఇంతదూరం వచ్చి కొబ్బరిబోండం తాగడమా" అంటూ వచ్చిన మా ఆవిడ ఇంకో గ్లాసు అడిగింది. కలకత్తా బిర్యానీలో బంగాళాదుంప చూసి మా అబ్బాయి నవ్వాడు, తర్వాత నా దుంప కూడా వాడే తిన్నాడు. నహూమ్స్ బేకరీలో కేకు క్యూ న్యూ మార్కెట్ సందు దాటి ఉంది, మేం నిలబడలేదు.

కొత్త ఊళ్లో తిండి వెతికేవాళ్లు స్టార్లు చూడటం మానేసి, మూడు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో, అదీ ఈ నెలలో రాసినవి చదవండి. మెచ్చుకున్నవాళ్లంతా వెయిటర్ పేరు రాసి, తిన్న వంట పేరు రాయకపోతే అనుమానించండి. లాడ్జిలో కార్డు ఇచ్చేవాడిని అడగొద్దు, గదులు తుడిచే మనిషిని ఆ ఊళ్లో పండక్కి మిఠాయి ఎక్కడ కొంటారో అడగండి. నకుర్ పేరు మాకు మా లాడ్జిలో గదులు తుడిచే ఆవిడే చెప్పింది. విడి మిఠాయిల పళ్లెం దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. లేకపోతే అడగండి, తడబడితే ముందుకు నడవండి.

ఇంటికి తేవాలనుకుంటే కొడాపాక్ సందేశ్ అడగండి. గట్టిగా ఉంటుంది, రైల్లో ఒక రాత్రి ఆగుతుంది. నొరంపాక్ మెత్తన, అక్కడికక్కడే తినాలి. రసగుల్లా డబ్బాలో సీలు వేసి దొరుకుతుంది. మిష్టి దొయ్, అంటే తీపి పెరుగు, మాత్రం పట్టుకెళ్లే ప్రయత్నం చేయొద్దు. మట్టి కుండ నీళ్లు పీల్చుకుంటేనే దానికి ఆ గట్టిదనం వస్తుంది. ప్లాస్టిక్ కప్పులో ఇచ్చేది పేరుకే దొయ్. వేసవిలో వెళ్లేవాళ్లు నొలెన్ గుర్ జోలికి పోకుండా మామిడి సందేశ్ అడగండి, ఏప్రిల్లో ఎవరైనా నొలెన్ గుర్ ఐస్‌క్రీం అని బోర్డు పెడితే ఆ పాకంలో ఏముందో నేను తిని చూశాను, 280 రూపాయలిచ్చి.