మొదటి జింక వేటకు ఏ తూటా మేలు? .243, 6.5 క్రీడ్‌మూర్, .308, .30-06

టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఏ రైఫిల్ కొనాలన్న చర్చ అంతకు ముందే మొదలవుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట లేనట్టే. కాబట్టి అమెరికాకొచ్చి కొత్తగా వేట నేర్చుకునే తెలుగువాళ్లకు ఇంట్లో అడగడానికి ఎవరూ ఉండరు. షాపులో ఎదురుగా నిలబడ్డ మనిషి ఏది చూపిస్తే అదే కొనేస్తారు. తరచుగా అది అవసరానికి మించిన తుపాకీ అవుతుంది.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదటి రైఫిల్ అయితే 6.5 క్రీడ్‌మూర్ తీసుకోండి.

పైన చెప్పిన నాలుగూ తూటా రకాల పేర్లు, రైఫిల్‌ను కూడా అది కాల్చే తూటా పేరుతోనే పిలుస్తారు. తూటా అంటే కేసు (ఇత్తడి గొట్టం), దానిలోని తుపాకీ మందు, ముందు ఉండే గుండు, అన్నీ కలిసినది. బయటికి ఎగిరిపోయేది గుండు మాత్రమే. ఈ నాలుగింటిలో పెద్దది .30-06. అమెరికా సైన్యం 1906లో తీసుకుంది, ఆ చివరి 06 దాని సంవత్సరమే. .308 వించెస్టర్ 1952లో వచ్చింది. గుండు లావు రెండిటికీ ఒకటే, కానీ .308 కేసు పొట్టిది, మందు తక్కువ పడుతుంది. అదే .308 కేసు మెడ సన్నం చేసి 1955లో .243 తెచ్చారు. 6.5 క్రీడ్‌మూర్‌ను హార్నడీ కంపెనీ 2007లో దూరపు టార్గెట్ పోటీల కోసం తయారుచేసింది, వేటగాళ్లు తర్వాత పట్టుకున్నారు.

కాగితం మీద బలం చూస్తే .30-06దే పైచేయి. కానీ ఆ బలం మనకు ఎంత అవసరం? టెక్సస్‌లో లానో, మేసన్ చుట్టుపక్కల, హిల్ కంట్రీ అనే కొండ ప్రాంతపు జింకలు చిన్నవి. మంచెలో కూర్చుని, ఫీడర్ (మేత వేసే డబ్బా) దగ్గరికి వచ్చినదాన్ని 100 గజాల చుట్టుపక్కల కొడతారు. ఆ దూరంలో ముందుకాలి భుజం వెనక, గుండె, ఊపిరితిత్తుల మీద సరిగ్గా తగిలితే నాలుగింటిలో దేనితో కొట్టినా జింక ఎక్కువ దూరం పోదు. కడుపులో తగిలితే .30-06 కూడా కాపాడదు. రాత్రంతా టార్చి పట్టుకుని నెత్తురు జాడ వెతుక్కోవాల్సిందే, ఆ జీవి బాధ వేరే.

అందుకే నేను ముందు చూసేది తన్ను, అంటే పేలినప్పుడు రైఫిల్ వెనక్కి వచ్చి భుజానికి కొట్టే దెబ్బ. ఒకే బరువున్న రైఫిళ్లలో .30-06 తన్నే దాంట్లో .243 తన్నేది దాదాపు సగం. మిగతా రెండూ మధ్యలో ఉంటాయి, 6.5 కాస్త .243 వైపు, .308 కాస్త .30-06 వైపు. భుజానికి నొప్పి పుట్టడం చిన్న సంగతి. అసలు నష్టం ట్రిగ్గర్ నొక్కే క్షణంలో జరుగుతుంది. రేంజిలో ఒక పరీక్ష చేయించుకోండి. మీ స్నేహితుడు మీకు కనబడకుండా ఒకసారి అసలు తూటా, ఒకసారి డమ్మీ తూటా పెట్టి రైఫిల్ చేతికివ్వాలి. డమ్మీ పడినప్పుడు టిక్‌మని చప్పుడొస్తుంది, పేలదు. అప్పుడు గొట్టం మూతి చూడండి. కదలకుండా ఉందా, లేక దెబ్బ వస్తుందన్న టెన్షన్‌తో కిందికి ముంచారా? పెద్ద తూటాతో మొదలుపెట్టినవాళ్లలో చాలామంది ముంచుతారు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం.

మరి అన్నిటికంటే తక్కువ తన్నే .243 ఎందుకు వద్దు? పిల్లలకు, సన్నటి మనుషులకు అదే ఇవ్వమంటాను. కాకపోతే దాని గుండు మామూలుగా 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు. పక్కకు తిరిగి నిలబడ్డ జింకకు అది చాలు. ఏటవాలుగా నిలబడ్డా, పెద్ద అడవి పంది ఎదురుపడ్డా లోతుగా దిగేది బరువైన గుండే. 6.5లో 140 గ్రెయిన్ల చుట్టుపక్కల గుండ్లు దొరుకుతాయి. సన్నగా, పొడుగ్గా ఉంటాయి కాబట్టి గాలికి తక్కువ పక్కకు పోతాయి, లోపలికి బాగా దిగుతాయి. దూరంలో 6.5 అద్భుతాలు చేస్తుందన్న ప్రచారాన్ని మాత్రం కొత్తవాళ్లు పట్టించుకోవద్దు. 200 గజాల్లో గురి సరిగ్గా తగిలేలా సరిచేసిన రైఫిల్‌తో 300 గజాల్లో .308కీ దానికీ గుండు కిందికి జారడంలో తేడా అంగుళమో రెండంగుళాలో. కొత్తగా నేర్చుకునేవాళ్లు అంత దూరం కొట్టనే కూడదు.

గుండు ఎలాంటిదన్నది తూటా పేరు కంటే ముఖ్యం. 1946లో కెనడాలో జాన్ నోస్లర్ అనే వేటగాడు .300 మాగ్నమ్ అనే ఇంకా బలమైన తూటాతో మూస్‌ను (జింక జాతిలో చాలా పెద్ద జంతువు) కొడితే, బురద పట్టిన చర్మం మీద గుండ్లు పగిలి లోపలికి దిగలేదు. బలం తక్కువై కాదు, గుండు నిలవక. అక్కడినుంచే, మధ్యలో రాగి గోడ ఉండే పార్టిషన్ గుండు పుట్టింది. దీనికి అటువైపు తప్పు కూడా ఉంది. చవగ్గా దొరుకుతుందని .308 రైఫిల్‌లో మిలిటరీ రకం పూర్తి తొడుగు గుండ్లు (మొన దాకా గట్టి లోహం కప్పినవి) వేసి వేటకు వెళ్లకండి. అవి విచ్చుకోవు, సన్నటి రంధ్రం చేసి బయటికి పోతాయి. జింక గాయంతో పరిగెత్తుతుంది. పెట్టె మీద సాఫ్ట్ పాయింట్ (మెత్తటి మొన, తగలగానే విచ్చుకునేది) అనో, వేటకు అనో ఉందా చూసుకోండి. తూటా అడుగున చెక్కిన అక్షరాలు, గొట్టం మీద ఉన్న అక్షరాలు ఒకటేనా అని ప్రతిసారీ చూడాలి. ఇంట్లో రెండు రకాలు ఉంటే ఒకే సంచిలో అసలు పెట్టొద్దు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఇంకో మాట. నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాతో తుపాకీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా నిషిద్ధం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, లైసెన్సు, ఆ తర్వాతే షాపు. లైసెన్సు గడువు తేదీ మర్చిపోవద్దు. సందేహముంటే లాయర్ని అడగండి.

కొలరాడోలో ఎల్క్ (వైట్‌టెయిల్ కంటే చాలా పెద్ద జింక) వేటకు కూడా అదే రైఫిల్ తీసుకెళ్లాలనుకునేవాళ్లు, తన్ను తట్టుకోగలిగితే, .30-06 తీసుకోవడం సబబే. ఇప్పటికే ఇంట్లో .308 ఉన్నవాళ్లు మాత్రం నా మాట విని 6.5కి మారకండి. జింకకూ పందికీ అది నిక్షేపంగా సరిపోతుంది, తూటాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. కొత్త రైఫిల్‌కు పెట్టే డబ్బుతో తూటాలు కొని, సీజన్ లోపు రేంజికి వెళ్లి కాల్చండి.